ఎల్లారెడ్డి అవ్వ అడిగిన ఒక్క ప్రశ్న

ఈ వారం కూడా మీ ప్రశ్నలు చాలానే వచ్చాయి. నాకిష్టమైన కూర ఏమిటని ముగ్గురు అడిగారు. పుంటికూర అని ఇప్పటికి నాలుగుసార్లు రాశాను, ఇక రాయను. తాడ్వాయి నుంచి ఒకమ్మాయి నేను కథలు కాగితం మీద రాస్తానా, ఫోనులో రాస్తానా అని అడిగింది. బీబీపేట నుంచి ఒక రిటైర్డు మాస్టారు నా కథల్లో ఆడవాళ్ళు ఎప్పుడు చూసినా అంత ఓపిగ్గా ఎందుకుంటారని అడిగారు. మంచి ప్రశ్న, మాస్టారూ. జవాబు కింద ఉంది, కాస్త నిదానంగా చదవండి.

కామారెడ్డిలో అచ్చయ్యే ఈ చిన్న వారపత్రికలో నా సొంత సంగతుల మీద మీరడిగే ప్రశ్నలకు ఐదేళ్ళుగా జవాబులు రాస్తున్నాను. ఏ రంగు ఇష్టం, ఏ ఊరు ఇష్టం, వానపడితే ఏం చేస్తారు. ఈ ఐదేళ్ళలో నాలుగేళ్ళపాటు ఎల్లారెడ్డి నుంచి నెల తప్పకుండా ఒక ప్రశ్న వచ్చేది. ప్రతినెలా అదే ప్రశ్న. ఈ నెల అది రాలేదు. రాని ఆ ప్రశ్నకే ఈ వారం జవాబు రాస్తున్నాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ఆ ప్రశ్న అడిగిన మనిషి పోయిన మంగళవారం చనిపోయింది. ఆమె పేరు రాయను. బతికున్నప్పుడే నాకు గట్టిగా చెప్పింది, "నా పేరు పేపర్ల ఏసినవనుకో, వచ్చి నీ చెయ్యి ఇరగ్గొడ్త" అని. అన్నంత పనీ చేసే మనిషి. అప్పటికే ఒకరి చెయ్యి విరగ్గొట్టి ఉంది. ఎవరిదో తర్వాత చెబుతాను. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను.

మొదటి ప్రశ్న బీడీకట్టలకు అంటించే లేబుల్ కాగితం వెనక రాసి వచ్చింది. గుండ్రటి, ముద్దయిన అక్షరాలు. ఆ చేతిరాత ఆమె కూతురిదని తర్వాత తెలిసింది. మాటలు మాత్రం ఆమెవే.

"టీచరమ్మా, నీ మొగడు నిన్ను ఎప్పుడన్న కొట్టిండా? అవును, లేదు. రెండిట్ల ఒకటి చెప్పు. కత చెప్పకు."

పత్రిక నడిపే ఆయన ఫోను చేసి ఒకటే నవ్వు. "మేడం, ఇది ఏద్దాం. అందరు సదువుతరు. మీరు నవ్వుకుంట రాసెయ్యండి" అన్నాడు. నేను నవ్వుతూనే రాసేశాను. ఇదిగో, అప్పుడు అచ్చయిన నా జవాబు, అక్షరం పొల్లుపోకుండా: "లేదు. మా ఇంట్లో మాట పెరగకముందే ఎవరో ఒకరం తగ్గుతాం. ఎక్కువసార్లు నేనే తగ్గుతాను. ఆడది ఒక మెట్టు దిగితే మగవాడు తనంతట తానే రెండు మెట్లు దిగి వస్తాడు."

ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఆ వారం నాకు పదిమంది ఫోను చేసి మెచ్చుకున్నారు. బడిలో స్టాఫ్ రూములో పైకి చదివి వినిపించారు. మా ఆయన చాయ్ తాగుతూ రెండుసార్లు చదువుకుని, "బాగా రాశావు" అన్నాడు.

ఆ ముక్క రాసేటప్పుడు నా కుడి భుజం పైకి లేవడం లేదు. రెండు రోజుల ముందు ఆయన నా చెయ్యి వెనక్కి మెలిపెట్టి నన్ను బీరువాకేసి కొట్టాడు. ఎందుకు కొట్టాడో రాయాలంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది. తన ఫోను మోగుతుంటే నేను ఎత్తలేదని. కుడిచెయ్యి టేబులు మీద ఆనించి, వేళ్ళు మాత్రం కదిలిస్తూ, "ఆడది ఒక మెట్టు దిగితే" అని రాశాను. నా బుద్ధిని ఏమనాలి?

అది అచ్చయి మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున మా తలుపు దడదడలాడింది. తీస్తే ఎదురుగా ఒక పొట్టి మనిషి. సన్నటి ఒళ్ళు, పెద్ద పెద్ద చేతులు. కుడి బొటనవేలి గోరు పొడుగ్గా, తంబాకు రంగులో ఉంది. బీడీ మూతి మడవడానికి ఆ గోరును పెంచుకుంటారు. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయి ఉంది. బొడ్లో ఆకు కత్తిరించే కత్తెర దోపుకుని ఉంది. ఆమె వెనకాల పాతికేళ్ళ ఆడపిల్ల, నెత్తిమీద కొంగు, కొంగు కింద తెల్లటి కట్టు.

"నువ్వేనా పేపర్ల రాసేటిది?"

"అవునమ్మా, రండి, కూర్చో..."

అంతే. చెంప మీద ఒక్కటి పడింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో దెబ్బలు నాకు కొత్త కాదు గానీ, ముక్కూమొహం తెలియని ఆడమనిషి గుమ్మంలో నిలబెట్టి కొట్టడం కొత్త. ఏడుపు కూడా రాలేదు. ఆమె లోపలికి వచ్చి సోఫాలో కూర్చుంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. కూతురి రవికెలోంచి ఒక మడత కాగితం తీసి నా మీదికి విసిరింది.

"సదువు."

నా పేజీయే. ఎనిమిది మడతలు పెట్టి కత్తిరించి దాచుకున్న ముక్క. ఒక మూల నల్లగా రక్తం ఎండిపోయి ఉంది. నేను గొణుగుతూ చదివాను.

"గట్టిగ సదువు! నా బిడ్డకు ఒక చెవు వినపడ్తలేదు."

గట్టిగా చదివాను. అప్పుడు చెప్పింది సంగతి. ఆమె మాటల్లోనే రాస్తాను, నా మాటల్లో రాస్తే మళ్ళీ ముద్దుగా అయిపోతుందని భయం.

"నా బిడ్డను మద్నూరుల ఇచ్చిన. అల్లుడు కొడ్తడు. రెండుమాట్ల ఇంటికొచ్చింది, రెండుమాట్ల పంపిన. మూడోమాటు నేను పంప అన్న. కులపెద్దలు కూసున్నరు. కొట్టని మొగడు ఏడున్నడే అన్నరు అల్లుని దిక్కోళ్ళు. మా అరుగు మీద గూడ గదే లొల్లి, సదువుకున్నోళ్ళ ఇండ్లల్ల గూడ కొడ్తరా కొట్టరా అని. నేనన్న, ఊకె లొల్లెందుకు, పేపర్ల రాసే టీచరమ్మను అడుగుదం, ఆమె అబద్ధం చెప్పది, అచ్చయితది గద అన్న. నేనే అన్న! నా నోట్ల మన్నువడ."

ఆమె తన నోటి మీద తానే పట్టుమని కొట్టుకుంది. కూతురు ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రాసినవు. మా బిడ్డే సదివింది అందరికి. సదివి ఏమన్నదో ఎర్కనా? నేనే తగ్గలేదేమో అవ్వా, టీచరమ్మ గూడ తగ్గిందట అన్నది. కులపెద్దలు గూడ సూడు, పెద్దపెద్దోళ్ళే తగ్గుతున్నరు అన్నరు. పోయింది. గీ కాయితం జాకెట్ల వెట్టుకోని పోయింది. ఇరవై దినాలు సక్కగనే ఉండె. ఇరవయ్యొకటో దినం ఆడు చెయ్యెత్తితే గిది తీసి సూపిచ్చిందట. సూడు, నేను ఒక మెట్టు దిగిన, నువ్వు రెండు దిగు అన్నదట. నాకు పేపరోళ్ళతోని నేర్పిస్తవా అని కట్టె పట్టుకున్నడు ఆడు. చెవు పలిగింది. దవడ ఇరిగింది."

కూతురు తల వంచుకుని వింటోంది. కుడి చెవి తల్లివైపు తిప్పి వింటోంది.

"మరి... ఆయన్ని..." అన్నాను.

"ఆని సంగతి నేను సూసుకున్న. మద్నూరు బస్టాండుల అందరి ముంగట ఇదే చేత్తోని దంచిన. ఠాణాల కేసు నడుస్తున్నది, ఆని మీద ఒకటి, నా మీద ఒకటి. గది ఇడువు. నువ్వు చెప్పు. రాసింది నిజమా? అవును, లేదు."

సరిగ్గా అప్పుడే మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లోపల్నుంచి వచ్చాడు. "ఎవరు వీళ్ళు? పొద్దుపొద్దున్నే ఏమిటీ లొల్లి?" అన్నాడు. అడిగింది నన్ను. ఆయన నావైపు ఒక అడుగు వేశాడు, అంతే, నా కుడి భుజం దానంతట అదే వెనక్కి ముడుచుకుంది. నేను కావాలని చేయలేదు. అది ఎప్పుడూ అలాగే చేస్తుంది.

అవ్వ ఆయన్ని చూడలేదు. నా భుజం చూసింది.

"ఓహో" అంది. లేచి నిలబడింది. ఆయన "బయటికి పోండి ముందు" అంటూ ఆమె భుజం మీద చెయ్యివేసి నెట్టాడు. నెట్టిన చేతిని మణికట్టు దగ్గర ఒడిసిపట్టుకుంది. ఎప్పుడు కిందికి లాగిందో, ఎప్పుడు బొడ్లో కత్తెర తీసిందో నాకు కనపడలేదు. కనపడేసరికి ఆయన అరచెయ్యి టీపాయి మీద బోర్లా ఉంది, కత్తెర ఆయన చూపుడువేలుకూ నడిమివేలుకూ మధ్య చెక్కలో దిగబడి ఉంది. రక్తం చుక్క లేదు. వెంట్రుకవాసి తేడా.

"కొట్టు" అంది. "నా ముంగట కొట్టు ఆమెను. ఎట్ల కొడ్తవో సూసి పోత. ఎల్లారెడ్డిల పదిమంది అడుగుతున్నరు, సదువుకున్నోళ్ళు ఎట్ల కొడ్తరని. పోయి చెప్పాలె గద."

ఆయన ముఖం పాలిపోయింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన వేళ్ళు వణకడం చూశాను. నిజం చెప్పాలంటే, చూసి నాకు సంతోషమేసింది.

అవ్వ కత్తెర పీకి కొంగుకు తుడుచుకుని బొడ్లో దోపుకుంది. పోతూ పోతూ గుమ్మంలో నా ముందు ఆగింది. మళ్ళీ కొడుతుందేమోనని చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నీ మొగడు కొట్టినందుకు నీ మీద జాలి గిట్ల పడ్తననుకోకు. అబద్ధం అచ్చేసినవు, నా బిడ్డ చెవు పోయింది. ఇగ నిజం గూడ అచ్చెయ్యి. గదే పేపర్ల, గదే జాగల."

ఆ చిల్లు మా టీపాయికి ఇప్పటికీ ఉంది. దానిమీద పేపరు పరిచి పెడతాను. ఎవరైనా చూసి అడిగితే మా ఆయన డ్రిల్లు మిషను జారిందని చెబుతాడు. ఆ తర్వాత ఏడు నెలలు ఆయన నా మీద చెయ్యి వెయ్యలేదు. ఎనిమిదో నెలలో వాష్ బేసిను మీది అద్దం పగిలింది. నా నుదురుకు తగిలి పగిలింది. బడిలో అడిగితే జారిపడ్డానని చెప్పాను. నిజం అచ్చెయ్యమని అవ్వ అంత గట్టిగా చెప్పి పోయాక కూడా అదే చెప్పాను.

ఆ వేసవిలో ఎల్లారెడ్డిలో టీచర్లకు శిక్షణ ఉంటే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. క్షమించమని అడగాలని కొంత, మళ్ళీ ఒకటి కొట్టినా బాగుండునని కొంత.

అరుగు మీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నడుమ అవ్వ. కూతురు మాత్రం చాట పక్కన పెట్టి పేపరు పట్టుకుని గొంతెత్తి చదువుతోంది. అక్కడ వాళ్ళకొక పద్ధతి ఉంది. చదివే మనిషి చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఆమె వంతు బీడీలు మిగతావాళ్ళు చుడతారు. వార్త బాగుంటే ఒకరు నాలుగు, ఒకరు ఐదు ఆమె చాటలో వేస్తారు. బాగా లేకపోయినా వేస్తారు, తిట్టి వేస్తారు. ఆ పిల్ల గొంతు మునుపటికంటే పెద్దదైందని ఒకామె నాకు చెప్పింది. తన గొంతు తనకు సగమే వినపడుతుంది కదా, అందుకని అరిచి చదువుతుంది.

అవ్వ నన్ను చూసి లేవలేదు. "కూసో" అంది. కూర్చుంటే తొడ మీద ఫెడీమని ఒకటి వేసింది. అది పలకరింపు. అక్కడ ఎవరికైనా అదే పలకరింపు. పక్కామె ఆకు మందంగా కత్తిరిస్తే చెయ్యి మీద కత్తెర పిడితో ఒకటి. మనవరాలు చాట దాటితే వీపు మీద ఒకటి. కార్ఖానాలో బీడీలు పట్టి చూసి బాగా లేనివి తీసిపారేసే మనిషి ముఖాన ఒకసారి ఆ పారేసిన బీడీలన్నీ కొట్టి, "నీ పెండ్లాం చుట్టినయి గిట్ల పారేస్తవా" అందట. ఆ మనిషి ఆ తర్వాత ఆమె గంప వచ్చిందంటే తల ఎత్తేవాడు కాదని చెప్పి అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. కొట్టిన సంగతి చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ నవ్వేది కాదు.

లోపల్నుంచి ఒక ముసలాయన చాయ్ తెచ్చాడు. కుడి ముంజేయి మధ్యలో వంకర తిరిగి ఉంది. ఆ వంకర వల్ల గ్లాసు ఒక పక్కకు ఒరిగి, నా చీరమీద నాలుగు చుక్కలు పడ్డాయి.

"సూపియ్యి టీచరమ్మకు" అంది అవ్వ. ఆయన చెయ్యి చాపి చూపించాడు, చిన్నపిల్లలు గోళ్ళు చూపించినట్టు.

"మా ఆయన. పెండ్లయిన మూడేండ్లకు నా కమ్మ పట్టుకోని గుంజిండు. గిగో, చెవు." చీలిన తమ్మె పట్టుకుని చూపించింది. "రోకలి ఉండె పక్కకు. ఒక్కటే దెబ్బ. టక్కుమన్నది. గా సప్పుడు నాకు ఇప్పటికి యాదికున్నది. బొక్క సక్కగ అతకలే. ముప్పై ఏండ్లాయె, గా చేత్తోనే నాకు చాయ్ వోస్తడు."

ఆయన నవ్వాడు. ఆమె లోపలికి పోయినప్పుడు, "నొప్పిగా ఉంటుందా, బాపూ?" అని అడిగాను.

"సలికాలం గుంజుతది బిడ్డా. ఆమెకు గూడ సలికాలం చెవు గుంజుతది. ఇద్దరం ఒక్కకాడ కూసోని కాపుకుంటం" అన్నాడు.

నాకు అది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. ఆమె తిరిగి రాగానే నాలోని టీచరు లేచింది. "అవ్వా, మీరూ కొడతారు కదా. ఆయన చెయ్యి విరిచారు, నన్ను కొట్టారు, పిల్లల్ని కొడతారు. మరి నన్ను అడిగే హక్కు మీకెక్కడిది?" అన్నాను. ఎనిమిది జతల చేతులూ ఆగాయి.

ఆమెకు కోపం రాలేదు. నిజంగానే ఆలోచించింది. తర్వాత, "కొడ్త" అంది. "తప్పేనేమో. మా అవ్వ నన్ను కొట్టింది, మా అత్త కొట్టింది, మొగడు కొట్టిండు. నా చేతులకు గదే వచ్చు. గని నేను కొట్టిన అని పదిమంది ముంగట చెప్త గద. నీ తీర్గ దాస్తనా? నువ్వు దాస్తివి, నా బిడ్డ నమ్మె. కొట్టినోడు చెప్పడు, తిన్నది చెప్పది. ఇగ ఎవలు చెప్పాలె?"

బీడీలు చుట్టడం మళ్ళీ మొదలైంది. ఒకామె మెల్లగా, "పోనీ తియ్యవ్వా, ఆమె సంసారం ఆమెది, రాస్తె ఇల్లు కూలదా" అంది. అవ్వ తన చాట తీసి ఆమె మీదికి విసిరేసింది. ఆకూ తంబాకూ అరుగంతా చిందింది. ఆ తర్వాత చాలాసేపు అందరూ వంగి ఏరుకున్నారు, నేనూ ఏరాను. ఏరుతుంటే నా పక్కకు వచ్చి చెవిలో, "రాస్తవా?" అంది. "రాస్తాను" అన్నాను.

రాయలేదు. ప్రతినెలా లేబుల్ కాగితం వచ్చేది. "కొట్టిండా? అవును, లేదు." నేను పుంటికూర గురించి రాసేదాన్ని. మరుసటి నెల కాగితం మీద అదనంగా ఒక ముక్క ఉండేది: "పుంటికూర సంగతి ఎవలడిగిండ్రు?" నాకు వంగపూవు రంగు ఇష్టమని రాస్తే, "నీ ఒంటిమీద గా రంగు మచ్చలెన్ని?" అని వచ్చింది. వాన గురించి రాస్తే, "నీ మీద పిడుగువడ" అని వచ్చింది. పత్రిక ఆయన అవన్నీ కవరులో పెట్టి పంపేవాడు, నవ్వడం మానేశాడు. నేను వాటిని బడిలో నా బీరువాలో దాచాను. ఇంట్లో పెట్టే ధైర్యం లేదు.

ఒకసారి కామారెడ్డి బస్టాండులో నేనూ మా ఆయనా హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాం. అవతలి ప్లాట్‌ఫారం మీద ఎల్లారెడ్డి బస్సు పక్కనుంచి ఆమె కేక.

"టీచరమ్మా! రాసినవా?"

జనమంతా తలలు తిప్పారు. మా ఆయన వేళ్ళు నా మోచేతి లోపల, ఎవరికీ కనపడని చోట, దిగాయి. నవ్వు ముఖం పెట్టుకుని "రాస్తా అవ్వా" అని అరిచాను.

"ఎప్పుడు? నేను సచ్చినంకనా?"

ఆ మాట అని పెద్దగా దగ్గింది. దగ్గు ఆగక బస్సు రేకును పట్టుకుని, ఆ రేకును కూడా రెండు దెబ్బలు కొట్టింది. అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయట. నలభై ఏళ్ళు తంబాకు దుమ్ము పీల్చింది. డాక్టరు బీడీల పని మానేయమంటే ఎక్స్‌రే ఫిల్ము ఆయన బల్లమీద కొట్టి వచ్చిందని తర్వాత విన్నాను. ఆ రోజు ఇంటికి వచ్చాక ఏం జరిగిందో రాయను. బస్టాండులో ఆ కేకకు జవాబివ్వడం నా తప్పు, అంతవరకు చాలు.

పోయిన బుధవారం బడిలో భోజనాల గంట కొట్టాక ఫోను వచ్చింది. ఎత్తగానే తెలిసిపోయింది. అంత గట్టిగా మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే.

"అవ్వ పోయింది మేడం. నిన్న."

"చివరికి ఏమన్నా అన్నదా?" అని అడిగాను.

"నర్సును కొట్టింది మేడం. సూది తప్పు జాగల ఏసిందని." నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. చివరికి నేనే, "ఆ ప్రశ్న... ఈ నెల కాగితం ఇంకా రాలేదు" అన్నాను.

"రాదు మేడం. వద్దన్నది. పోయిన వారమే అన్నది. ఇగ రాయకు బిడ్డా, ఆమెను ఇడిసిపెట్టు. దినాం దెబ్బలు తినేదాన్ని నేను గూడ ఎన్నని కొట్టాలె అన్నది."

ఆమె నా చెంప మీద కొట్టిన దెబ్బ నాకు రెండు రోజుల్లో తగ్గింది. ఈ మాట తగ్గడం లేదు. నాలుగేళ్ళు నన్ను తిట్టింది, కొట్టింది, బస్టాండులో పరువు తీసింది. అప్పుడంతా నేను నిజం చెప్పగలనని నమ్మి అడిగిన మనిషి ఒకతె ఉండేది. పోయేముందు నమ్మడం మానేసింది. జాలి పడనని మా గుమ్మంలో చెప్పిన మనిషి, చివరికి జాలి పడి పోయింది. ఒళ్ళు మండిపోతోంది నాకు. ఎవరి మీదనో మీకే తెలుస్తుంది.

పత్రిక ఆయనకు ఇదంతా పంపిస్తే ఫోను చేశాడు. "మేడం, బాగ ఆలోచించుకున్నరా? సార్ సూస్తరు గద" అన్నాడు. చూస్తాడు. ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ మొదట ఈ పేజీయే తీస్తాడు. నేను బాగా రాశానో లేదో చూస్తాడు. టీపాయి మీద ఈసారి పేపరు పరిచి ఉండదు. చిల్లు కనపడుతూ ఉంటుంది. నేనూ ఉండను. నా సర్టిఫికెట్లు, నాలుగు చీరలు, బీరువాలోని లేబుల్ కాగితాలు సంచిలో సర్దేశాను. శనివారం బడి నుంచి ఇంటికి పోను, మా తోటి టీచరు ఇంట్లో ఉంటాను. ఆదివారం మొదటి బస్సుకు ఎల్లారెడ్డి వస్తాను. అక్కణ్ణుంచి ఠాణాకు పోవాలి. అవ్వ అరుగు మీద బీడీలు చుట్టే అక్కల్లారా, ఠాణాలో ఎలా మాట్లాడాలో మీకు తెలుసు, నాకు తెలియదు. ఎవరైనా ఒకరు తోడు రండి.

బీబీపేట మాస్టారూ, నా కథల్లో ఆడవాళ్ళ ఓపిక సంగతి అడిగారు కదా. అది ఓపిక కాదండీ, భయం. అందంగా రాయడం చేతనవును కాబట్టి మీకు అలా కనపడింది.

ఇక ఎల్లారెడ్డిలో ఈ పేజీ పట్టుకుని చదువుతున్న బిడ్డా, ఇక్కడ ఒక్క క్షణం ఆగు. అందరినీ చేతిలో పని ఆపమను. లోపల బాపు ఉంటే బయటికి పిలువు. నీ వినపడని ఎడమ చెవికి కూడా వినపడేట్టు, రోడ్డు మీదికి వినపడేట్టు చదువు. మెట్లు దిగడం గురించి నేను రాసింది పచ్చి అబద్ధం. నేను పదహారేళ్ళుగా దిగుతూనే ఉన్నాను, ఆయన ఒక్కటి కూడా దిగలేదు. నీ చెవి పోవడంలో నా చెయ్యి ఉంది. కత చెప్పకు అన్నది అవ్వ, నేను ఇంత కత చెప్పాను, వింటే మళ్ళీ ఒకటి వేసేది. అడిగింది ఒక్కటే కాబట్టి, అదే పేపర్లో, అదే జాగలో, రెండిట్లో ఒకటి చెబుతున్నాను.

అవును.